తోడుకోని పాలు

మూడో రోజు కూడా తొట్టిలో పాలు పాలలాగే ఉన్నాయి. కోడలు గరిటె ముంచి ఎత్తింది. క్రీమ్ చీజ్‌కు మెత్తని గడ్డ కావాలి, ఇవేమో ధారగా జారిపోయాయి. పులుపు కొలిచే మీటరులో అంకె నాలుగున్నరకు దిగాల్సింది, ఆరున్నర దగ్గరే మొండికేసింది.

"ఇవాళా అంతేనా?" తలుపు పక్క మంచం మీంచి అత్తగారు అడిగింది. ఆ రెండు మాటలకే నాలుగు దగ్గులు.

"అంతే అత్తయ్యా."

"నీ చెయ్యి తగిలితే పాలు కూడా అలుగుతాయే."

దెప్పిపొడిచే ఓపికైనా మిగిలిందని కోడలు సంతోషించింది. నుదుటి మీద చెయ్యి వేయగానే ఆ సంతోషం కాస్తా పోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

వంటింట్లోకి వెళ్ళి, గొంతు తగ్గించి డాక్టరుకు ఫోన్ చేసింది.

"మాత్ర రోజూ పడుతోందా?" అన్నాడాయన.

"పడుతోందండీ. మింగనని పేచీ పెడితే, పొడి చేసి సాయంత్రం పాలలో కలిపేస్తున్నాను. ఆవిడకు చెప్పలేదు."

"మూడు రోజులకు గుణం కనిపించాలమ్మా. లోపల క్రిములు పెరుగుతూనే ఉన్నాయంటే, ఈ వయసులో ఊపిరితిత్తులు తట్టుకోలేవు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఉండదు."

కారు కోసం కబురు పెట్టి, అత్తగారి చీరలు సంచిలో సర్దింది. చేతులు సర్దుతున్నా బుర్ర తొట్టి చుట్టూనే తిరుగుతోంది. పాలూ మీగడా సరిగ్గానే కాచింది. గోరువెచ్చగా చల్లార్చాకే తోడు వేసింది. తోడు పొట్లం కొత్తది. ఇక మిగిలింది ఒక్కటే. క్రిముల్ని చంపే మందు పడితే తోడులోని మంచి క్రిములూ చస్తాయి. అలాంటి మందు సూది వేసిన ఆవు పాలు వారం దాకా ఎవరూ కొనరు, అందుకే.

పాలలో మందు ఉంటే పట్టిచ్చే పరీక్ష కాగితం తీసి, తొట్టిలో పొయ్యకముందే విడిగా దాచిన నిన్నటి పాలలో ముంచింది. శుభ్రంగా ఉన్నాయి. ఇంకొకటి తొట్టిలో ముంచింది. మందు ఉందని చూపించింది.

అంటే ఆవుది కాదు తప్పు. మందు ఈ గదిలోనే కలిసింది.

"అత్తయ్యా, నేను మూత పెట్టి వెళ్ళాక తొట్టి దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారే? గోడ పట్టుకుని నేనే వెళ్ళాను."

"మీరా? ఎందుకు?"

అత్తగారు దగ్గు ఆగేదాకా ఆగి, తప్పు చేసిన పిల్లలా నవ్వింది.

"నువ్విచ్చే పాలు ఒకటే చేదే. మొదటి రోజు ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూశాను, అంతే. పాలమ్ముకు బతికినదాన్ని, పారబొయ్యడానికి చేతులు రావుగా. మూడు రోజులూ గ్లాసుకు గ్లాసు అందులోనే పోసేశాను. ఎంగిలి చెయ్యలేదులే, భయపడకు."