చివరి సీనులో పొగ

"అన్నీ అక్కకే! డైలాగులు అక్కకే, దండలు అక్కకే, ఇప్పుడు పొగ కూడా అక్కకేనా?"

తెర వెనక చెల్లెలి సణుగుడు విని పొగ బాబాయ్ నవ్వాడు. నాటకంలో పొగలన్నీ ఆయన చేతిమీదే. మందపాటి గ్లౌజులు తొడుక్కుని థర్మాకోల్ పెట్టె మూత తీశాడు. నిండా తెల్లటి గడ్డలు.

"ముట్టుకోకమ్మా, వేళ్ళు కాలతాయి."

"చోద్యం! ఐసు ముట్టుకుంటే కాలుతుందా?"

"ఇది నీళ్ళ ఐసు కాదే తల్లీ, డ్రై ఐస్. మనం వదిలే కార్బన్ డయాక్సైడే గడ్డకట్టింది. సున్నాకి డెబ్బై ఎనిమిది డిగ్రీలు కింద! ఇది కరిగి నీరవదు, సరాసరి గాలైపోతుంది. వేడినీళ్ళలో వేశామా, బుసబుసా పొగే. రెండు గడ్డలు చాలు, మించితే ఊపిరాడదు."

ఆఖరి మాట ఆమె వింటే కదా! తెర సందులోంచి ముందువరసలో కూర్చున్న పెద్ద నాటక కంపెనీ దర్శకుణ్ణే చూస్తోంది. అక్కాచెల్లెళ్ళలో ఒకర్నే తీసుకుంటాడట. అక్క రాణి, తను దాసి. ఇంకేం తీసుకుంటాడు? చివరి సీనులో రాణి నిలబడి ఏడుస్తుంది, దాసి నేలమీద చచ్చి పడి ఉంటుంది. పొగ పైకి లేచి అక్క మొహాన్ని కప్పేస్తే, జనం తనని చూడక ఎక్కడికి పోతారు?

బాబాయ్ తెర తాడు సరిచేయడానికి వెళ్ళాడు. ఆమె పట్టకారుతో గడ్డలన్నీ వేడినీళ్ళ డ్రమ్ములో వేసేసి, పరుగున వెళ్ళి చచ్చి పడుకుంది.

తెర లేచింది. పొగ మాత్రం లేవదే! గాలికన్నా బరువాయె, నేలబారునే పాకింది. మోకాళ్ళదాకా మబ్బుల్లో అక్క దేవకన్యలా నిలబడింది. ఒకటే చప్పట్లు! చెల్లెలు అసలు కనిపించనే లేదు. ఆ పొగ అడుగున అసూయతో ఉడికిపోయింది. పైగా ఊపిరాడటం లేదు. ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఇక తనవల్ల కాలేదు.

"హా!" అంటూ మబ్బుల్లోంచి శవం లేచి కూర్చుంది.

హాలంతా కెవ్వుమంది. నాటకంలో మలుపే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర పడగానే దర్శకుడు లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"ఆ చచ్చిన పిల్ల ఏదీ? అబ్బబ్బ, ఏం చావమ్మా నీది! రేపు ఇంకోసారి చూసి ఖాయం చేస్తా."

అక్క కిరీటం తీసి నేలకేసి కొట్టింది.

"బాబాయ్! రేపు చచ్చేది నేను. ఆ ఐసు ఇంకో రెండు పెట్టెలు తెప్పించు!"