దొంగకి తరవాతేం కావాలి?

సోమవారం పొద్దున ముత్యాలరాజు కంప్యూటర్ల కొట్లో ఒక మదర్‌బోర్డు పోయింది. పక్కనే అన్నిటికంటే ఖరీదైన బోర్డు ఉంది. చవక రకమూ ఉంది. దొంగ ఆ రెండూ ముట్టుకోకుండా మధ్యరకం పట్టుకుపోయాడు.

అమలాపురంలో కొట్టు పెట్టి ఆరేళ్ళు. ఇప్పటిదాకా ఒక్క స్క్రూ కూడా పోలేదు. కొట్లో ఉండేది ముత్యాలరాజు, కంప్యూటర్లు బిగించే దేవదానం, ఇద్దరే. ఈమధ్యే మామగారు భీమరాజు గారు కూడా వచ్చారు. పళ్ళ డాక్టరుతో పనుండి రాజోలు నుంచి వచ్చి అల్లుడింట్లో దిగి, పొద్దంతా కౌంటరు దగ్గర కూర్చుంటున్నారు. ఇంటి దగ్గర ఆయనకో పాత కంప్యూటరుంది గానీ, అందులో పేకాట తప్ప ఇంకేం తెలీదు.

"దొంగని పట్టాలంటే దొంగలా ఆలోచించాలి అల్లుడూ," అన్నారాయన. "బోర్డు పట్టుకెళ్ళినోడికి తరవాతేం కావాలి?"

"ప్రాసెసరండి మావయ్యగారూ."

"ఏదైనా పరవాలేదా?"

"ఆ బోర్డుకి కూచునేవి మూడేనండి. ఖరీదైంది దానికి దండగండి. చవకదైతే కంప్యూటరు పాకుతాదండి. తెలిసినోడైతే మధ్యది తీస్తాడు."

వెనక బల్ల దగ్గర దేవదానం పని చేసుకుంటూనే వింటున్నాడు.

బుధవారం సరిగ్గా ఆ మధ్యదే పోయింది.

మామగారి బుర్రకి ముత్యాలరాజు నివ్వెరపోయాడు. మళ్ళీ ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. ఆ బోర్డు, ఆ ప్రాసెసరు ఆఫీసు పనికి ఎక్కువ. దొంగ గేములాడే కంప్యూటరు కడుతున్నాడు. అదీ దుబారా లేకుండా.

"అయితే ఈసారి గ్రాఫిక్స్ కార్డు తీస్తాడండి. ఇదిగో, ఈ నూట ఇరవై ఎనిమిది ఎంబీది."

"పక్కన రెండు వందల యాభై ఆరుది ఉందిగా?"

"డబ్బా మీద అంకె పెద్దదేనండి, కార్డు మాత్రం నెమ్మది. తెలీనోళ్ళే దానికి పడిపోతారు."

"ఆయ్, అలాగా," అని మామగారు కళ్ళజోడు పెట్టుకుని రెండు డబ్బాలూ చూశారు.

శుక్రవారం చిన్న అంకె డబ్బా పోయింది, దాంతోపాటు ఒక ర్యామ్ ముక్కా పోయింది. పెద్ద అంకె డబ్బా దుమ్ము కొట్టుకుని అక్కడే ఉంది.

ఇక మిగిలింది కరెంటు ఇచ్చే ఎస్.ఎం.పి.ఎస్. మామూలుది ఆ కార్డుని మొయ్యలేదు, నాలుగు వందల వాట్లది కావాలి. కొట్లో ఉన్న ఒక్కదాన్నీ ముత్యాలరాజు బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవులు రెండు. ఒకటి ఇంట్లో మేకుకి ఉంటుంది, రెండోది దేవదానం దగ్గరుంటుంది.

సోమవారం చూస్తే బీరువాకి తాళం వేసినట్టే ఉంది. లోపల ఎస్.ఎం.పి.ఎస్. లేదు.

దేవదానం కొట్టు తెరిచిన రోజు నుంచీ ఉన్నవాడు.

"దేవదానం, నాలుగు రోజులు ఇంటి దగ్గరుండు," అన్నాడు మొహం చూడకుండా.

"నామీద అనుమానమాండి?"

దేవదానం స్క్రూడ్రైవర్లన్నీ తుడిచి, వరసగా పెట్టి వెళ్ళిపోయాడు.

"తొందరపడ్డావేమో అల్లుడూ. మంచోడిలాగే ఉన్నాడు," అన్నారు మామగారు, ఆ మధ్యాహ్నం రాజోలు బస్సెక్కుతూ. ఆయన పళ్ళ పని అయిపోయింది.

ఆ తర్వాత వారం రోజులు కొట్లో ఏమీ పోలేదు. ఇంక అనుమానించడానికేముంది? ముత్యాలరాజుకి అన్నం సయించలేదు. చివరికి మనసు రాయి చేసుకుని పోలీసులకి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. దేవదానం పేరు రాయాల్సిన చోట పెన్ను ఆగిపోయింది.

అప్పుడే ఫోను మోగింది. రాజోలు నుంచి మామగారు.

"దొంగ అన్నీ బిగించేశాడనుకో అల్లుడూ. ఫ్యాను తిరుగుతోంది గానీ తెర మీద బొమ్మ రావట్లేదు. ఎక్కడ తప్పు చేసుంటాడంటావ్? ఇక్కడ మీ అత్తగారు ఒకటే నవ్వు."