మూడింటి తగాదా

చెయ్యి వణికింది. ఇత్తడి పలక మీద అక్షరం కాస్తా పక్కకు జారింది.

నేమ్‌ప్లేట్ల మాస్టారు ఉలిని బల్ల మీద విసిరికొట్టాడు. పేర్లు చెక్కడంలో ఆ వీధిలో అతన్ని మించినవాడు లేడు. అలాంటిది, ఈమధ్య పలక మీద పలక పాడవుతోంది.

బల్ల మీద చల్లటి డైట్ సోడా డబ్బా. కింద బుట్ట నిండా ఖాళీవి. పంచదార లేదు కదా అని ఇన్నేళ్లూ మంచినీళ్లకు బదులు అవే తాగుతూ వచ్చాడు. రాత్రి నిద్ర లేదు, పగలు చెయ్యి నిలవదు.

"కాఫీలో ఉండే సరుకే ఇందులోనూ ఉందయ్యా. నువ్వు తాగేది అంతా ఇంతానా? మానెయ్, చెయ్యి అదే కుదురుతుంది" అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రమే డబ్బాలన్నీ సింకులో ఒంపేశాడు. మర్నాటి నుంచి ఇల్లు యుద్ధభూమి అయింది.

భార్య మామూలు సోడాలో నిమ్మకాయ పిండి ఇచ్చింది.

"గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంది!"

చల్లటి నీళ్లలో పుదీనా వేసి ఇచ్చింది.

"నేనేమన్నా మేకనా, ఆకులు నమలడానికి?"

అల్లం టీ పెట్టి తెచ్చింది. ఆ గ్లాసు గోడకు తగిలి ముక్కలైంది.

మధ్యాహ్నం మూడయ్యేసరికి మరీ ఘోరం. తల దిమ్మెక్కేది. కాళ్లు వాటంతటవే ఎదురు వరసలోని కూల్‌డ్రింకుల షాపు వైపు లాగేవి.

సరిగ్గా ఆ వేళకే మెట్లు దిగి వచ్చేది, షాపు పై వాటాలోకి కూతురితో కొత్తగా దిగిన పెద్దావిడ.

"ఏమయ్యా, ఏమిటా టకటకలు? మనుషులు కాస్త నడుం వాల్చద్దూ?"

"షాపన్నాక చప్పుడు రాదా అమ్మా?"

"ఎదురు చెబుతావా? ఆ స్కూటరు మెట్లకి అడ్డంగా పెట్టావేం?"

"అడ్డమెక్కడుంది? ఏనుగైనా పడుతుంది అందులో!"

"అంటే నేను ఏనుగునా?"

పక్క షాపులవాళ్లు పగలబడి నవ్వారు. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు మళ్లీ అదే వేళకి.

"నీ బోర్డు మీద మూడో అక్షరం ఒరిగిపోయిందయ్యా. ఊళ్లోవాళ్ల పేర్లు చెక్కేవాడివి, నీది నువ్వు నిలబెట్టుకోలేవా?"

స్టూలెక్కి స్కేలు పెట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. కడిగేద్దామని దిగేసరికి ఆవిడ లేదు. సాయంత్రం దాకా పళ్లు నూరుతూ, ఆ ఊపులోనే ఒక షీల్డు మొత్తం చెక్కి పారేశాడు.

ఆవిడకి 'మైకు' అని పేరు పెట్టాడు. ఇంటికి వెళ్లినా అదే గోల.

"ఏం పుట్టుకో! మొగుణ్ణి ఎంత వేపుకు తిన్నదో!"

"పెద్దావిడ, పోనిద్దురూ" అనేది భార్య.

నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. పడుకుంటే నిద్ర పట్టింది. నిమ్మకాయ సోడా నాలుక్కి అలవాటైంది.

"చూశావా, అంతా దీని మహిమే" అన్నాడు, గ్లాసు ఖాళీ చేస్తూ.

మైకు మాత్రం ఆగలేదు. ఒకరోజు పెద్ద ఆర్డరు తెచ్చిన కంపెనీవాళ్ల ఎదుటే అనేసింది.

"జాగ్రత్త బాబూ. ఈయనకి ముక్కు మీద కోపం. మీ పేర్లు కూడా కోపంగా చెక్కేస్తాడు."

వాళ్లు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. వాళ్లు వెళ్లగానే షట్టరు సగం దించి, తిన్నగా ఇంటి ఓనరు దగ్గరికి పోయాడు.

"ఆ ఇంట్లో ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి!"

ఓనరుకి మాస్టారు పాతవాడు, పై వాటావాళ్లు కొత్త. ఆట్టే ఆలోచించలేదు. నెలాఖరుకల్లా తల్లీకూతుళ్లు సామాను ఎక్కించుకుని వేరే ఊరు వెళ్లిపోయారు. బండి కదిలేటప్పుడు పెద్దావిడ షాపు వైపు చూసింది. మాస్టారు కావాలనే తల తిప్పుకున్నాడు.

మొదటి మధ్యాహ్నం ప్రాణానికి హాయిగా ఉంది.

ఆ తర్వాత అలా లేదు. మూడయ్యేసరికి షాపు బావురుమనేది. ఉలి కింద పెట్టి గుమ్మం వైపు చూసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. నిమ్మకాయ సోడా తాగాడు, ఇంకో గ్లాసు తాగాడు. లాభం లేకపోయింది. ఒకనాడు తనని తనే తిట్టుకుంటూ రోడ్డు దాటాడు.

తెచ్చిన డబ్బా మూత లాగి నోటి దాకా ఎత్తేసరికి, గుమ్మంలో పెద్దావిడ కూతురు నిలబడి ఉంది. తమతోపాటు వెళ్లిపోయిన వాటా తాళంచెవి ఓనరుకి ఇవ్వడానికి వచ్చిందట.

"అయ్యో, మళ్లీ మొదలుపెట్టారా అన్నయ్యగారూ?" ఆమె మొహం చిన్నబోయింది. "అమ్మకిప్పుడు ఏం చెప్పను? మానేశారో లేదో కనుక్కుని మరీ రమ్మంది."

"మీ అమ్మకెందుకమ్మా? ఊరు దాటినా నన్ను వదలదా?" మాస్టారు గయ్‌మన్నాడు.

"మేం దిగిన కొత్తలో, మీకు క్యారేజీ తెచ్చిన మీ ఆవిడ మా మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే చూసింది. 'కోపమొస్తే ఆయనకి ఆకలిదప్పులే తెలీవు, మధ్యాహ్నం పూట ఆ డబ్బా కూడా అలాగే మరిచిపోతే ఎంత బాగుండు' అన్నారట మీ ఆవిడ. అంతే, అమ్మ అదే పట్టుకుంది."

మాస్టారు డబ్బాని బల్ల మీద పెట్టాడు. కోపం ఇంకా గొంతులోనే ఉంది. అది ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

"అందుకని అన్నేసి మాటలా? అసలే నోరున్న మనిషి, ఇదొక వంక దొరికింది!"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అమ్మకి పోట్లాడటం రాదన్నయ్యగారూ. మిమ్మల్ని ఏమనాలో రోజూ పొద్దున్నే నన్నడిగి నేర్చుకునేది."