లేని కాగితం

ప్రింటర్ మళ్ళీ అదే చూపించింది. పేపర్ జామ్.

జక్కయ్య మూత ఎత్తాడు. ట్రే బయటికి లాగాడు. టార్చి వేసి లోపలంతా చూశాడు. కాగితం ముక్క కూడా లేదు.

స్విచ్ ఆపాడు. కాసేపాగి వేశాడు. ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది.

"అబద్ధం," అన్నాడు. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఆ ప్రింటర్ భార్య అమలమ్మ కొన్నది. సండే స్కూలు పిల్లలకు వాక్యాలు, బొమ్మలు అందులోనే తీసేది. ఆమె పోయి శనివారానికి ఏడాది. ఆ సాయంత్రం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. వచ్చినవాళ్ళ చేతికి కార్డు ఇవ్వాలి.

బయట అచ్చు వేయించడం జక్కయ్యకు ఇష్టం లేదు. నిరుడు గవర్నర్‌పేటలో ప్రెస్సువాడు ఆమె వయసు తప్పు వేశాడు. జక్కయ్య ఆ సందులోకి వెళ్ళడమే మానేశాడు.

ప్రింటర్ షాపుకు ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు.

మధ్యాహ్నం తలుపు దగ్గర ఒకాయన వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. చేతిలో సంచి.

"అమలమ్మ గారి ఇల్లు ఇదేనాండి?"

షాపువాళ్ళ దగ్గర ఇప్పటికీ ఆమె పేరే ఉంది. అక్కణ్ణుంచి ఎవరొచ్చినా అలాగే అడుగుతారు.

"ఇదే. అదిగో, మూల ఉంది. చూడు."

ఆ మనిషి ప్రింటర్ వైపు చూశాడు. "నేను వచ్చింది..."

"ఎందుకొచ్చావో తెలుసు. పొద్దుటి నుంచి నీ కోసమే కూర్చున్నాను. ముందు పని చూడు."

మంచినీళ్ళు కావాలా అని జక్కయ్య అడగలేదు.

వచ్చినాయన సంచి గోడకు ఆనించి ప్రింటర్ ముందు కూర్చున్నాడు. ఇలాంటివి తనకు పెద్దగా తెలియవన్నాడు. తెలియనివాణ్ణి ఎందుకు పంపారని జక్కయ్య విసుక్కున్నాడు.

అయినా ఆ మనిషి వెనక మూత తీశాడు. వేలు పెట్టి లోపల తడిమాడు.

"మాకిచ్చిన మిషన్ కూడా ఇంతేనండి. రోలు నిండుగా ఉన్నా కాగితం లేదంటుంది. ఇదిగో, ఈ పుల్ల. కాగితం వస్తే వంగాలి, పోతే లేవాలి. దుమ్ము పట్టి వంగింది వంగినట్టే ఉండిపోయింది."

జేబురుమాలుతో తుడిచాడు. నల్లటి పుల్ల టక్కున లేచింది. ఎర్ర దీపం ఆరింది.

మొదటి కార్డు బయటికి వచ్చింది. అమలమ్మ ఫొటో. కింద పేరు, తేదీలు. ఆ కింద 'చివరి మాట' అని ఉంది. దాని కింద ఏమీ లేదు.

వచ్చినాయన కార్డు చేతిలోకి తీసుకుని ఫొటోనే చూస్తూ ఉండిపోయాడు.

"ఇక్కడ ఏం రాయలేదేమండి?"

వాళ్ళ సంఘంలో అది ఆనవాయితీ. పోయినవాళ్ళు ఆఖరున అన్న మాట కార్డు మీద వేస్తారు. తెలియకపోతే ఏదైనా వాక్యం వేద్దామని పాస్టరు గారు చెప్పి చూశారు. ఆమె అనని మాట వేయనని జక్కయ్య తెగేసి చెప్పాడు.

"తెలిస్తేగా రాయడానికి," అన్నాడు జక్కయ్య. "మంగళగిరి నుంచి బస్సులో వస్తూ పోయింది. గుండె. కండక్టరట, ఆస్పత్రిలో దింపేసి తన దారిన తాను పోయాడు. నేను వెళ్ళేసరికి బల్ల మీద ఒక్కతే ఉంది. ఏమందో వాడికి తెలియాలి. మనిషైతే ఆగేవాడు."

ఆ మనిషి తలెత్తలేదు.

"బస్సు నిండా జనం ఉన్నారేమోనండి."

"ఉంటే? వాడు కనిపిస్తే ఈ గడప తొక్కనివ్వను."

ప్రింటర్‌లోంచి కార్డులు ఒకటొకటిగా పడుతున్నాయి. ఇద్దరూ వాటినే చూస్తున్నారు.

కాసేపటికి వచ్చినాయన లేచాడు. ఆ కార్డు తను ఉంచుకోవచ్చా అని అడిగాడు. రిపేరువాడికి కార్డెందుకని జక్కయ్య అది అందుకుని దొంతరలో పెట్టాడు.

బల్ల మీద మాత్రల అట్ట ఉంది. పక్కన మూత తీయని క్యారేజీ. ఆ మనిషి రెండింటినీ చూశాడు. సంచి తీసుకుని గడప దాటాడు. దాటాక వెనక్కి తిరిగాడు.

"అన్నం తిన్నాకే మాత్ర వేసుకోండి సార్. ఖాళీ కడుపుతో వద్దు."

ఆ ఇంట్లో ఆ మాట వినపడి ఏడాదయింది. జక్కయ్య మాత్రల అట్ట తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నా మాత్రలతో నీకేం పని? వెళ్ళు."

వెళ్ళిపోయాడు. చేసిన పనికి ఎంతివ్వాలో కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న జక్కయ్య ఎప్పటిలాగే ఖాళీ కడుపుతో మాత్ర అరచేతిలోకి తీసుకున్నాడు. ఫోన్ మోగింది.

"అమలమ్మ గారి ప్రింటర్ గురించండి. నిన్న మావాడికి కుదరలేదు. ఇవాళ పంపిస్తాం."

జక్కయ్య ఫోన్ పెట్టేశాడు. మెట్లు దిగాడు.

ఇంటి యజమానురాలు మాణిక్యమ్మ కింద వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"నిన్న పైకి వచ్చినవాడు షాపు మనిషి కాదట. ఎవరండీ?"

మాణిక్యమ్మ చేతులు ఆగాయి.

"అదేంటి జక్కయ్య గారూ, అంతసేపు కూర్చున్నాడుగా. చెప్పలేదా? చర్చి బోర్డు మీద అమలమ్మ ఫొటో చూసి, ఇల్లు కనుక్కుని వచ్చాడు."

జక్కయ్య గుప్పిట బిగిసింది. లోపల మాత్ర చెమటకు మెత్తబడుతోంది.

"నిరుడు జనాన్ని స్టాండులో దింపేసి మళ్ళీ ఆస్పత్రికి పరిగెత్తాడట. అప్పటికే మీరు తీసుకెళ్ళిపోయారట. అమలమ్మ తన ఒళ్ళోనే కన్ను మూసిందని, మీకు చెప్పమన్న ఆ ఒక్క మాటా గడప దాటాక చెప్పేశానని వెళ్తూ అన్నాడు, ఆ కండక్టరు."