సీసా మూత

నీళ్ల సీసా మూత రాలేదు.

కత్తెరమ్మ పళ్లు బిగబట్టి మళ్లీ తిప్పింది. కుడి బొటనవేలి మొదట్లో చురుక్కుమంది.

ముప్పయ్యేళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. వీధంతా ఆ పేరుతోనే పిలుస్తారు. ఇప్పుడా వేలి కీలు అరిగిపోయింది. ఏ ఆపరేషన్ కావాలో ఇవాళ డాక్టరుకి చెప్పాలి. తప్పుది ఎంచుకుంటే కత్తెర మూలన పడేయాల్సిందే.

ఆసుపత్రి వరండాలో పక్క కుర్చీలోని పెద్దాయన సీసా అందుకుని మూత అవలీలగా తీశాడు. ఆమె తాగాక మళ్లీ తనే మూతపెట్టి ఇచ్చాడు.

అక్కడితో ఊరుకోలేదు. ఏం పని చేస్తావు, కత్తెర ఎలా పడతావు అని ఆరా మొదలుపెట్టాడు. కీలు దగ్గరి ఎముక తీసేస్తే నొప్పి పోతుందట, పట్టు రావడానికి మాత్రం నెలలు పడుతుందట. కృత్రిమ కీలు పెడితే తొందరగా కోలుకుంటారట, అది వదులైతే మళ్లీ కోత తప్పదట.

"కీలు కదలకుండా అతికించేస్తే మంచి బలం. కానీ అరచెయ్యి బల్లకి పూర్తిగా ఆనదమ్మా. బట్ట ఎలా సాపు చేస్తావు?"

"మీరు డాక్టరా?"

"వడ్రంగిని."

"అయితే మీ చెక్కల సంగతి చూసుకోండి. మూత అంత తేలిగ్గా తీసేవాళ్లకి నా నొప్పేం తెలుస్తుంది?"

ఆయన నవ్వేసి, లేచి వెళ్లిపోయాడు.

"మీ నోటికి కూడా ఏదైనా ఆపరేషన్ ఉందేమో అడుగుదాం అత్తయ్యా," అంది వెంట వచ్చిన కోడలు. కత్తెరమ్మకే నవ్వొచ్చింది.

లోపల డాక్టరు అవే మూడు దారులు చెప్పాడు. ఆమె అరచెయ్యి బల్లకి ఆనించి, లేని బట్టని ఒకసారి సాపు చేసుకుంది.

"అతికించొద్దు. ఎముక తీసెయ్యండి. పట్టు వచ్చేదాకా నా కోడలు కత్తిరిస్తుంది."

డాక్టరు సంతోషించాడు. "వడ్రంగిగారు బాగా విడమరిచి చెప్పినట్టున్నారే."

ఆ వడ్రంగి కుడి బొటనవేలి కీలు అతికించిందీ, ఎడమ వేలి ఎముక తీసిందీ ఈ డాక్టరేనట. కొత్తవాళ్లకి బెరుకు పోవాలని బుధవారాలు పని మానుకుని వచ్చి కూర్చుంటాడట. ఇవాళే ఆఖరట, రేపు వేరే ఊరికి మారిపోతున్నాడట.

కత్తెరమ్మకి సిగ్గేసింది. గబగబా బయటికొచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. వీధి చివరిదాకా చూసినా ఆయన కనిపించలేదు.

గొంతు తడారిపోయింది. సీసా తీసి, నొప్పికి సిద్ధపడి, మూత పట్టుకుంది.

అది ఇట్టే ఊడి వచ్చింది. ఆ నొప్పి తెలిసిన మనిషి దాన్ని బిగించకుండా వదులుగా పెట్టి వెళ్లాడు.