నయన టాలెంట్

“పిల్లకు ఒక్క టాలెంటు లేదంటె ఎట్లనే? రేపు చీఫ్ గెస్టును నేను” అన్నాడు సర్పంచి జనార్ధన్, కంచం ముందు కూర్చుని.

“పొద్దటి సంది గిదే పాట. లేనిది యాడికెల్లి తేవాలె?” అంది భార్య పార్వతీదేవి, పప్పు వడ్డిస్తూ.

మేడ్చల్ ఇంగ్లీషు మీడియం బడిలో రేపు వార్షికోత్సవం. ప్రతి పిల్లా తన టాలెంట్ చూపించాలట. వీళ్ళ నయన పాడమంటే సగంలో మరిచిపోతుంది, ఆడమంటే పక్కపిల్ల కాలు తొక్కుతుంది. చీఫ్ గెస్టు కూతురే చేతులు కట్టుకుని నిలబడితే ఇంకేం పరువని జనార్ధన్ బాధ.

“అసలు టాలెంటంటె ఏందిరా?” అడిగింది అతని తల్లి పద్మమ్మ.

“అందరితోని కానిది అమ్మా. చేస్తాంటె జనం పనులిడిసి ఉరికొచ్చి చూడాలె.”

పద్మమ్మ ముఖం వెలిగింది. “గట్లయితె నాకున్నది. మొన్న కీసరల ముసలాయన పోతె, దండలేసి కుర్చీల కూసోబెట్టిండ్రు గని, రాగం తీసి ఏడ్సెటోళ్ళు లేక నాకు జీపు పంపిండ్రు. నా ఎంబడి తిరిగి నయన మొత్తం నేర్సింది.”

“సావుకాడ ఏడుపు టాలెంటా?” అన్నాడు జనార్ధన్.

నయన లేచింది. పొద్దున తల్లి చేయి జారి పగిలిన ఊరగాయ జాడీ ముక్కలు తెచ్చి ముందు పెట్టుకుంది. తల మీద తువాల కప్పుకుని రాగం అందుకుంది.

“ఓ నా జాడీ... తొక్కంత కడుపుల దాసుకుంటివి నా తల్లీ... మూతికి గుడ్డ కట్టుకొని మూలకు కూసుంటివి, ఒక్కనాడన్న ఎదురు మాట్లాడకపోతివి...”

పార్వతీదేవి గరిటె వదిలేసి ముక్కు చీదింది. పక్కింటి యాదవ్వ పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. “ఎవలు పోయిండ్రు?” అని అడిగి, జవాబు వినకుండానే కూలబడి శోకం మొదలుపెట్టింది. జనార్ధన్ పప్పన్నం చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయి, మంట పుట్టి ఇంకాస్త ఏడ్చాడు.

చివరికి తేరుకుని, “గిదే టాలెంటు బిడ్డా. రేపు స్టేజి మీద గిదే చెయ్యి” అన్నాడు గర్వంగా. “గని అంత పెద్ద స్టేజి మీద జాడీ ముక్కలు కండ్లకు ఆనయి. ఎవల ముందట కూసొని ఏడుస్తవు?”

నయన తువాల మడతపెట్టింది. ఇంట్లో అందరి వైపూ ఒకసారి చూసి నెమ్మదిగా చెప్పింది.

“దండేసి కుర్చీల కూసోబెట్టేది నిన్నే గద నాయినా.”