అంబర్ వెలుగు

తెలంగాణ సంగతి తేలేదాకా నాకూ గౌతమ్‌కూ పెళ్లి మాటే ఎత్తొద్దని మా నాయన, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్లమ్మ ఇంద్రాణిగారు ఖరాఖండిగా చెప్పేశారు. ఈలోగా మా ఎల్‌బీ నగర్ కాలనీలో వీధిదీపాల సంగతి తేల్చాల్సి వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో లైట్ల షాపు నాదే. పసుపు వెలుగిచ్చే అంబర్ ఎల్ఈడీ ఒకటి నమూనాగా తెచ్చి మా గేటు ముందరి స్తంభానికి పెట్టించాను.

"పసుపుపచ్చదా? గది వాళ్ల పార్టీ రంగు బిడ్డా! గులాబీది లేదా?" అన్నాడు నాయన, మెడలో గులాబీ కండువా సర్దుకుంటూ.

"గులాబీ దీపాలా? వీధిలో రికార్డింగ్ డ్యాన్సులేమన్నా పెడతారా అన్నయ్యగారూ?" అంది ఎదురింటి గేటు దగ్గర్నుంచి ఇంద్రాణిగారు.

కొట్లాట ముదిరేలోగా నేను స్విచ్ వేశాను. గౌతమ్ చప్పున వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ వెలుగు మా ముఖాల మీద, చేతుల మీద పరుచుకుంది.

పెద్దవాళ్లిద్దరూ దగ్గరికొచ్చి మమ్మల్నే చూశారు.

"పెళ్లికి పసుపు రాసినట్టే ఉన్నారండీ!" అంది ఇంద్రాణిగారు.

నాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "గిదే పెట్టు బిడ్డా. రాష్ట్రం ఎప్పుడొస్తదో రానీ చెల్లెమ్మా, పందిరి ముందేద్దాం."

గౌతమ్ నా చిటికెన వేలు గిల్లాడు. మొన్న షాపులో బల్బులన్నీ మార్చి మార్చి వేసుకుని, ఇద్దరం అద్దంలో చూసుకున్నది ఊరికే పోలేదు.